అమ్మ ముట్టుకోని ఊసరవెల్లి

మా ఇంట్లో ఊసరవెల్లిని పెంచామంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. కుక్కను పెంచామంటే తల ఊపుతారు, చిలకను పెంచామంటే ముచ్చటపడతారు, ఊసరవెల్లి అనేసరికి మొహం అదోలా పెడతారు. అదేం బుద్ధి అని సూటిగా అడిగినవాళ్లూ ఉన్నారు. అది మా నాయన బుద్ధి. నాయన నంద్యాలలో బడిపంతులు, లెక్కలు చెప్పేవాడు. లెక్కల పంతుళ్లకు జాలి ఉండదని పిల్లలు అనుకుంటారు. మా నాయనకు మాత్రం ఇంట్లోవాళ్లు విసుక్కునేంత జాలి ఉండేది.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. నేను ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదువుతున్నాను. ఒక సాయంత్రం నాయన సైకిలు తొక్కుకుంటూ కాకుండా తోసుకుంటూ ఇంటికొచ్చాడు. హ్యాండిల్ మీద తువ్వాల కప్పి ఉంది. తీసి చూపిస్తే ఊసరవెల్లి. కాలువ గట్టు మీద పిల్లలు రాళ్లతో కొడుతుంటే విడిపించుకుని వచ్చాడట. మా వైపు ఊసరవెల్లి కనపడితే చేతికి రాయి తీసుకోని పిల్లవాడు ఉండడు. అది ఉమ్మితే ఒళ్లంతా మచ్చలొస్తాయని, ఎదురొస్తే పోయే పని చెడుతుందని పెద్దవాళ్లే నూరిపోస్తారు. అట్లా కొట్టిన పిల్లల్లో నాయన క్లాసువాళ్లే ఎక్కువమంది. వాళ్లకు మర్నాడు గుణకారాలు కాస్త ఎక్కువే పడ్డాయని విన్నాను.

అది హ్యాండిల్‌ను నాలుగు కాళ్లతో పట్టుకుని, ఒక కంటితో నన్నూ ఇంకో కంటితో నాయననూ చూస్తూ ఉంది. అమ్మ చప్పుడు విని వాకిట్లోకి వచ్చింది. అమ్మ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. నెత్తురుకు జంకదు, అరుపులకు జంకదు, పెద్ద డాక్టరమ్మ కోపానికి కూడా జంకదు. అట్లాంటి మనిషి హ్యాండిల్ వైపు చూసి గడప లోపలికి ఒక అడుగు వెనక్కి వేసింది.

"యాడ పెట్టుకుంటారో పెట్టుకోండి. నేను మాత్రం దాన్ని ముట్టుకునేది లేదు. నా చేత ముట్టిచ్చాకండి," అంది.

ఆ ఒప్పందం మీద ఊసరవెల్లి మా ఇంట్లో చేరింది. పెరట్లో ఉన్న నిమ్మచెట్టు మీద వదిలాం. తాడు కట్టలేదు, బోను పెట్టలేదు. గోడ దాటి పోదామంటే పోవచ్చు, ఎందుకో పోలేదు. రాళ్ల దెబ్బలు గుర్తుండే పోలేదని నాయన అనేవాడు. దానికి పేరంటూ పెట్టలేదు, "వాడు" అనేవాళ్లం. మగదో ఆడదో ఎవరికి తెలుసు? నడక చూసి మగవాడని తేల్చేశాం. ఒక అడుగు ఎత్తి, ముందుకూ వెనక్కూ ఊగి, బాగా ఆలోచించి, అప్పుడు ఆ అడుగు కింద పెట్టేవాడు. తాసిల్దారు ఊరు చూడ్డానికి వచ్చినట్టుండేది.

వాడికి తిండి తేవడం నా పని. బడి నుంచి రాగానే ఖాళీ జాగాల్లో గడ్డి మీద పడి మిడతల్ని పట్టేదాన్ని. మిడతను పుల్ల మీద పెట్టి చూపిస్తే వాడు కళ్లు రెండూ దాని మీదికి తిప్పి, నోరు కొంచెం తెరిచేవాడు. తర్వాత ఏం జరిగిందో కంటికి ఆనేది కాదు. మిడత పుల్ల మీద ఉండేది కాదు, అంతే. వాడు వచ్చాక వంటింటి కిటికీ దగ్గర ఈగలు కూడా తగ్గాయి. అమ్మ మాత్రం ఆ సంగతి ఒప్పుకోలేదు, ఫినాయిలు మంచిది దొరికింది అనేది.

ఆ ఏడు దసరా సెలవుల్లో మా పెరట్లో బండలు పరిచారు. బేతంచెర్ల బండలు చేతికందే దూరంలో ఉన్న ఊళ్లో ఉంటూ మట్టి పెరడు పెట్టుకున్నది మేమేనని అమ్మకు ఎన్నాళ్లుగానో బాధ. నంద్యాల నల్లమట్టి సంగతి చూసినవాళ్లకే తెలుస్తుంది. వాన పడితే చెప్పుకు అంటుకుంటుంది, చెప్పు పైకి లేవదు, మనిషే పైకి లేస్తాడు. అమ్మ తెల్లచీర కట్టుకుని డ్యూటీకి బయల్దేరి, గేటు దాకా పోయేలోపు అంచంతా నల్లగా చేసుకునేది. అందుకే పరిచేటప్పుడు అంగుళం మట్టి కనపడకూడదని మేస్త్రీ పక్కనే నిలబడింది. నిమ్మచెట్టు మొదలు చుట్టూ కూడా సందు లేకుండా సిమెంటు పూయించింది. చెట్టుకు నీళ్లెట్లా అని నాయన అడిగితే, మొదట్లో పోస్తే అదే తాగుతుంది అంది. పని అయిపోయిన రోజు అమ్మ బకెట్లతో నీళ్లు కొట్టి పెరడంతా కడిగి, కాళ్లకు చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడిచింది. వీధిలో ఆడవాళ్లందరూ వచ్చి చూసి, అరికాలితో రాసి చూసి, చల్లగా ఉందని మెచ్చుకుని వెళ్లారు. ఆ వారం ఉన్నంత సంతోషంగా అమ్మను నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకే వాడు తినడం మానేశాడు.

మొదట మిడత బాగాలేదేమో అనుకున్నాను. పచ్చవాటిని మానేసి మట్టిరంగువి తెచ్చాను, చిన్నవి తెచ్చాను, గొల్లభామను తెచ్చాను, రెక్క తెగిన తూనీగను తెచ్చాను. ఒక కంటితో చూసి రెండో కంటితో గోడను చూసేవాడు. తాసిల్దారు దర్జా పోయింది. ఎప్పుడూ చెట్టు దిగనివాడు కిందికి దిగి, గోడ వారగా బండల మీద తిరుగుతున్నాడు. బండకూ బండకూ మధ్య సిమెంటు గీత దగ్గర ఆగి ముందుకాళ్లతో గీరుతున్నాడు. ఏమీ దొరక్క ఇంకో గీత దగ్గరికి పోతున్నాడు. ఆకుపచ్చ రంగు పోయి ఒళ్లంతా నల్లబడింది, దాని మీద పసుప్పచ్చ చుక్కలు లేచాయి. పట్టుకుంటే బుస్సుమనేవాడు. తెచ్చి చెట్టు మీద పెడితే మళ్లీ దిగేవాడు. పిచ్చెక్కినట్టుందని నాకు భయమేసింది.

నాయన వాణ్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు, నేను సైకిలు వెనక కూర్చున్నాను. డాక్టరు బుట్టలోకి తొంగి చూసి, మూత తనే పెట్టేశాడు.

"సార్, పాలిచ్చేదైతే చూస్తా. దున్నేదైతే చూస్తా. గుడ్డు పెట్టేదైతే గూడా చూస్తా. ఇదేం జేస్తాదని నేను చూడాల?" అన్నాడు.

నాయన బుట్ట సైకిలుకు తగిలించుకుని ఇంటి దారి పట్టాడు.

పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచి రోజూ పలకరించేది. మా వీధిలో అందరం ఒకే చర్చికి వెళ్లేవాళ్లం, శుక్రవారం ఉపవాస ప్రార్థన అందరికీ అలవాటే. "ఏమ్మే, మీవోడు ఇంకా ఉపాసం ఇడిసిపెట్టలేదా? మనం ఒక్కపూట తినకుంటేనే కండ్లు తిరుగుతాయి. వాడికుండే భక్తి మనకు లేదు," అని నవ్వేది. నాకు నవ్వు రాలేదు. వాడు చచ్చిపోతాడని నాకు తెలిసిపోతూ ఉంది. కాళ్లూ తోకా పుల్లల్లా అయ్యాయి, కళ్లు లోపలికి పోయాయి. పొట్ట ఒక్కటే రెండువైపులా ఉబ్బి ఉంది.

ఆ పొట్టను అమ్మ చూసింది. అంటే, గడప మీద నిలబడి చూసింది.

"ఈడ నుంచే కనపడ్తాంది గదా. తిన్నది అరగలేదు. గాలి పట్టింది. రెండు చుక్కలు ఆముదం పొయ్యండి, పోతాది," అంది.

నర్సు చెప్పింది కాబట్టి తిరుగులేదు. నాయన వాణ్ని తువ్వాలతో పట్టుకున్నాడు, నేను నోరు తెరిపించాను. సగం గడ్డం మీద కారింది, సగం లోపలికి పోయింది. మర్నాడు వాడు ఇంకా ఎక్కువ తిరిగాడు, ఇంకా ఎక్కువ గీరాడు. ముందుకాళ్ల గోళ్ల దగ్గర నెత్తురు కనపడింది. ఆ పూట నేను కూడా అన్నం తినలేదు. అమ్మ నాకు చెంపదెబ్బ వేసి తినిపించింది.

అప్పుడే ఆళ్లగడ్డ నుంచి జేజి కబురు పంపింది. జేజి అంటే నాయన తల్లి. ఆమెకు ఆళ్లగడ్డ ఊరి చివర ఇల్లు, ఇంటి వెనకే చేను. శనగ విత్తాలి, వాన తడికి భూమి పదును మీద ఉంది, ఒక్క రోజు దాటితే పదును పోతుంది, బిరీన రమ్మని. అమ్మకు కూడా సెలవు దొరికింది, ముగ్గురం బయల్దేరాం. వాణ్ని వదిలి రానని నేను మొండికేశాను. తిరిగొచ్చేసరికి ఏ బండ మీదో ఎండిపోయి ఉంటాడని నా భయం. చివరికి మూత ఉన్న వెదురుబుట్టలో పెట్టి, నా ఒళ్లో పెట్టుకునే షరతు మీద ఒప్పుకున్నారు.

ఆ షరతు ఊరు దాటే దాకా నిలబడింది. నాకు బస్సు పడదు. బస్సు నిండా జనం, మూటలు, శనగ విత్తనాల సంచులు, బీడీ పొగ. కడుపులో తిప్పి నేను కిటికీలోంచి తల బయట పెట్టాల్సి వచ్చింది. నాయన ఎక్కడో వెనక నిలబడి ఉన్నాడు. బుట్టను అమ్మ ఒళ్లో పెట్టడం తప్ప దారి లేదు. అమ్మ దాన్ని రెండు చేతుల వేళ్ల చివర్లతో పట్టుకుంది.

గుంతలో పడి బస్సు ఎగిరింది. బుట్ట మూత ఊడి కింద పడింది. నేను మొహం తుడుచుకుని ఇటు తిరిగేసరికి వాడు సగం బయటికొచ్చి అమ్మ మణికట్టు పట్టుకుని ఉన్నాడు. అమ్మ కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. అమ్మ గట్టిగా అరిచి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. బస్సులో ఊసరవెల్లి అని తెలిస్తే దాన్ని కిటికీలోంచి విసిరేసేవాళ్లు, చక్రం కింద పడేది. అమ్మ నా మొహం చూసింది. రెండో చేత్తో కొంగు లాగి వాడి మీద కప్పి, కొంగు పైన అరచెయ్యి ఆనించి గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి ఆ చెయ్యి కదిలింది. వేళ్లు కొంగు కిందికి పోయాయి. అమ్మ మొహంలో భయం పోయి వార్డులో పెట్టే మొహం వచ్చింది. ఆ మొహం నాకు తెలుసు, నాకు జ్వరమొచ్చినప్పుడు చూసేదాన్ని. కళ్లు ఎటో చూస్తుంటాయి, చూపంతా వేళ్లలో ఉంటుంది.

"ఓయ్," అంది మెల్లగా. "వీడు మగోడు గాదు."

"మరి?"

"కడుపుతో ఉండాది. రేగ్గాయలు మూటగట్టినట్టు తగుల్తాండాయి చేతికి. నిండు చూలు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మకు మాత్రం ఒకదాని వెనక ఒకటి అర్థమవుతూ పోయాయి, అది ఆమె మొహంలోనే కనపడుతోంది. గుడ్లు పెట్టుకోవడానికి మట్టి వెతుక్కుంది. చెట్టు దిగింది అందుకు, గోడ వెంబడి తిరిగింది అందుకు. పెరడంతా గీరినా దానికి గుప్పెడు మట్టి దొరకలేదు. పైగా ఆముదం. కాన్పుల వార్డులో నొప్పులు రావడానికి పోసేది కూడా ఆముదమేనట. ఊళ్లో సగం మంది పిల్లలకు బొడ్డు కోసిన మనిషి, ఇంట్లో ఉన్న కడుపు చూసి గాలి అంది.

"లోపలే ఉండిపోతే?" అన్నాను.

"బతకదు," అంది అమ్మ. అబద్ధం చెప్పడం అమ్మకు రాదు.

కొంగు కింద ఊసరవెల్లితో లేచి, జనాన్ని తోసుకుంటూ డ్రైవరు దగ్గరికి పోయింది. "అప్పా, కొంచెం బేగా పోనీ. కాన్పు కేసుండాది," అంది. తెల్లచీర లేకపోయినా ఆ గొంతులో నర్సు ఉంది. డ్రైవరు ఇంకో మాట అడగలేదు. దారిలో చెయ్యెత్తినవాళ్లకు కూడా ఆపలేదు, లోపలివాళ్లు కూడా ఎవరూ గొణగలేదు. ఎవరికి నొప్పులొస్తున్నాయో అని ఆడవాళ్లందరూ ఒకరి పొట్ట ఒకరు చూసుకున్నారు. ఆళ్లగడ్డలో దిగాక డ్రైవరు సీట్లోంచి లేచి వెనక్కి చూస్తూనే ఉన్నాడు. అమ్మ బుట్ట చంకన పెట్టుకుని చకచకా నడిచిపోయింది. నాయన సంచులతో వెనక పరుగెత్తుతూ ఏమైందని అడుగుతున్నాడు, చెప్పేవాళ్లెవరూ లేరు.

జేజి గుమ్మంలోనే అడ్డుపడింది. "ఏందే అది? ఊసరవెల్లా? విత్తనమేసే రోజు దాన్ని నా వాకిట్లోకి తెస్తారా? మతిగాన పోయిందా మీకు?"

"అత్తా, పురిటికొచ్చింది," అంది అమ్మ. "యాడా పెట్టుకునే దిక్కు లేక వచ్చింది. పొమ్మంటే చెప్పు, పోతాది."

పురిటికి వచ్చిన ఆడదాన్ని వాకిట్లోంచి వెనక్కి పంపడం మా వైపు ఏ ఇంట్లోనూ లేదు. శత్రువు కూతురైనా సరే, ముందు కాన్పు, తర్వాతే తగాదా. జేజి బుట్టలోకి తొంగి చూసింది. ఆమెకు అది ఊసరవెల్లి అన్న సంగతి వెనక్కి పోయినట్టుంది. "అయ్యో, ఎట్ల ఎండిపోయిందో చూడు. వెనక్కు పట్టండి, దానిమ్మ చెట్టు కాడ మెత్తగుంటాది," అని పార తీసుకుని తనే ముందు నడిచింది.

చేను గట్టు పక్కన దానిమ్మ మొదట్లో జేజి పారతో పైపైన గుల్ల చేసింది. మట్టి సరిగ్గా పదును మీద ఉంది. పిడికిలి పడితే ఉండ అవుతుంది, వేలితో తాకితే విడిపోతుంది. శనగకు ఏ పదును కావాలో దానికీ అదే కావాలని జేజి అంది. అమ్మ దాన్ని మట్టి మీద దించింది. అది కాసేపు కదల్లేదు. తర్వాత ముందుకాలు ఒకటి మట్టిలో పెట్టి గీరింది. మట్టి లేచింది. అప్పుడు నేను చూసిన ఆత్రం అంతా ఇంతా కాదు. అలసిపోయి ఆగేది, మళ్లీ తవ్వేది.

అమ్మ సంచిలోంచి పాతచీర తీసి చెట్టుకూ గుంజకూ అడ్డంగా కట్టింది. నాయన తొంగి చూడబోతే, "మగోళ్లకు ఈడేం పని? పొండి," అని తరిమింది. నాయన చేను దగ్గరికి పోలేదు, వీధి వాకిట్లోకి పోయి అటూ ఇటూ తిరిగాడు. వార్డు బయట మొగుళ్లందరూ అంతేనని అమ్మ ఎప్పుడూ వెక్కిరించేది, ఆ రోజు మా నాయన కూడా వాళ్లలో చేరాడు. పక్క పొలాల వాళ్లు గొర్రు కట్టి విత్తుతున్నారు, మా గొర్రు మాత్రం అట్లాగే నిలబడి ఉంది. జేజి ఆ మాటే ఎత్తలేదు.

అది మధ్యాహ్నమంతా తవ్వింది. తల కనపడనంత లోపలికి పోయి, మళ్లీ పైకి వచ్చి, ఇటు తిరిగి వెనక్కి దిగింది. గుంతలోంచి తల ఒక్కటే కనపడుతూ ఉంది, కళ్లు మూసుకుని ఉంది. అమ్మ కూడా గొంతుక్కూర్చుని కదలకుండా ఉంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందో, వార్డులో చెప్పే ధైర్యం చెబుతోందో నేను అడగలేదు. పొద్దు వాలేవేళకు అది పైకి వచ్చింది. పొట్ట రెండువైపులా లోపలికి పోయి, ఖాళీ సంచిలా వేలాడుతూ ఉంది. గుంతలో తెల్లగా, గుంపుగా, రేగ్గాయలంత గుడ్లు. అది మట్టిని కాళ్లతో లాగి కప్పి, పైన తొక్కి, ఒక పక్కకు ఒరిగిపోయింది.

నేను నవ్వబోయాను. అమ్మ నవ్వలేదు. "ఇప్పుడే జాగ్రత్తగుండాల. కాన్పైనంక పోయినోళ్లను ఎంతమందిని చూడలేదు," అంది. నీళ్లలో గ్లూకోజు కలిపి, పొరుగింటి నుంచి ఇంకు ఫిల్లరు తెప్పించి బాగా కడిగి, ముక్కు మీద ఒక్కో చుక్క వేసింది. చుక్క పెదవి మీదికి జారితే అది మింగింది. దాన్ని తన ముంజేతి మీదికి ఎక్కించుకుని, పైన కొంగు కప్పి, అరుగు మీద కూర్చుంది. మిడతను తెచ్చి చూపించాను. చూడనైనా చూడలేదు. నాయన వచ్చి, ఇంటికి పోగానే నిమ్మచెట్టు చుట్టూ బండలు పీకిస్తానన్నాడు.

"మీరెందుకు, నేనే పీకుతా," అంది అమ్మ.

నాయన లోపలికి పోయాక అమ్మ మాట్లాడింది. నా వైపు చూడకుండా, చేతి మీద ఉన్నదాన్ని చూస్తూ చెప్పింది. తన తల్లి కాన్పులో పోయిందని నాకు తెలుసు, అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. చాగలమర్రి పక్క పల్లె వాళ్లది, ఊరి బయట ఇండ్లు. అమ్మ అప్పటికి చిన్నపిల్ల. రెండు రోజులు నొప్పులు పడుతుంటే వైద్యుణ్ణి పిలుచుకొచ్చారు.

"రాలేదని కాదు, వచ్చినాడు. వాకిట్లో నిలబన్నాడు. మన ఇండ్లల్లోకి ఎట్ల వస్తాడు? ఆడ నుంచే పొట్ట చూసి, వాయువు అన్నాడు. పొట్లం ఇసిరేసి పోయినాడు. బిడ్డ అడ్డం తిరిగిందంట. చెయ్యేసి చూసింటే తెలిసేది. ఎవరూ చెయ్యెయ్యలే." చేతి మీద కొంగు కాస్త సర్దింది. "అందుకేమ్మే నేను నర్సునైంది. నేను గూడా గడప మీద నిలబడే ఆముదం చెప్పినా."

నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసమో తెలియదు. నేను చూడని అవ్వ కోసమా, అమ్మ కోసమా, కొంగు కింద ఉన్నదాని కోసమా. అమ్మ భుజానికి తల ఆనించి కూర్చున్నాను. అమ్మ వద్దనలేదు.

పొద్దున నేను లేచేసరికి అమ్మ అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది. ఊసరవెల్లి ముంజేతి మీదే ఉంది. నల్లరంగు విరిగి అక్కడక్కడా పచ్చ తిరుగుతోంది. నేను చేను గట్టున దొరికిన మిడతను తెచ్చి అమ్మ చేతికిచ్చాను. అమ్మ దాన్ని వేళ్లతో పట్టుకుని ఊసరవెల్లి మొహం ముందు పెట్టింది. ఒక కన్ను తిరిగింది. చాలాసేపటికి రెండోది కూడా తిరిగింది. నోరు కొంచెం తెరుచుకుంది. జేజి పొయ్యి దగ్గర నుంచి గరిటెతో సహా వచ్చి నిలబడింది, నాయన పళ్లు తోముకుంటూ పుల్ల నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాడు.

మిడత లేదు. అది నములుతోంది.

అమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, కొంగుతో తుడుచుకుందామంటే కొంగు చివరను అది పట్టుకుని ఉంది. "ఇంకోటి తేపో," అంది నాతో. నేను పరుగెత్తాను. ఆ ఉదయం ఆళ్లగడ్డలో మిడతలకు మంచిరోజు కాదు. నాయన గొర్రు కట్టుకుని చేనుకు పోయాడు, పదును ఇంకా పోలేదు. పోతే పోనీలే అని జేజి అనడం విన్నాను. జేజి నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ విని ఉండరు.

ఆమె గుడ్లున్న చోటు మీద ఎనుము కాలు పడకుండా ముళ్లకంప వేసి కాపాడింది. మరుసటి ఏడు వానలు మొదలయ్యాక దానిమ్మ ఆకుల మీద చిటికెనవేలంత పిల్లలు కనపడ్డాయని, ఒకదానికీ రాయి తగలనియ్యలేదని గర్వంగా చెప్పేది. తల్లి మాత్రం ఎనభయ్యో దశకం మొదలైన కొత్తలో ఒక వానాకాలం గోడ దాటి తనంతట తను వెళ్లిపోయింది. అప్పుడు నేను ఏడవలేదు. పోవాలని బలం వచ్చి పోయింది కదా.

విత్తనాలేసిన ఆ సాయంత్రమే నంద్యాలకు తిరుగు ప్రయాణంలో బస్సులో చోటు బాగానే దొరికింది. బుట్ట ఖాళీగా నా కాళ్ల దగ్గర ఉంది. అమ్మ ఊసరవెల్లిని భుజం మీద బాహాటంగా కూర్చోబెట్టుకుంది, కాన్పైన మనిషిని బుట్టలో పెడతారా అని నన్నే అడిగింది. పక్క సీట్లో ఒక రైతుల ఇంటావిడ కూర్చుని ఉంది. చెవులకు కమ్మలు, చేతినిండా గాజులు, ఒళ్లో శనగల సంచి. భుజం మీద ఉన్నదాన్ని చూసి ఆమె కిటికీ వైపుకు ఒదిగిపోయింది.

"దాన్నెట్ల ముట్టుకుంటివమ్మా?" అంది.

"నిన్నటి దాకా నేనూ ముట్టుకోలే," అంది అమ్మ. "పచ్చి బాలెంత. చేయి పెట్టి చూడు, ఏం గాదు."

ఆమె చాలాసేపు ఆలోచించింది. అమ్మ తొందరపెట్టలేదు. చివరికి ఆమె గాజుల చేతిని చాచి, ఒక వేలితో దాని వీపు తాకి, వెంటనే తీసేసింది. ఏమీ కాలేదు. మళ్లీ చాచింది, ఈసారి అరచెయ్యి మొత్తం ఆనించింది. దాని పక్కనే అమ్మ చెయ్యి కూడా ఉంది. బస్సు కుదుపుకు రెండు చేతులూ ఒకదానికొకటి తగిలాయి. ఆమె తన చెయ్యి తీసుకోలేదు. మెత్తగానే ఉంది పాపం అని, ఎన్ని గుడ్లు పెట్టిందో అడిగింది.